పద్దులో పేరు లేని జబ్బు



పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆ డబ్బును చేతులు మార్చే చెల్లింపు సంస్థలకు కూడా శిక్ష ఉంది. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. అతను బాధితుడని ప్రభుత్వమే చెప్పింది. ఈ ఆటల్లో దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్న అంచనా కూడా ప్రభుత్వం చెప్పిందే.

చట్టం అవసరమే. ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషం. కానీ ఆడినవాడు నేరస్తుడు కాదు, బాధితుడు అని ఒప్పుకున్నాక తర్వాతి మాట కూడా చెప్పాలి. ఆ బాధితుడికి వైద్యం ఎక్కడ జరగాలి? ఎవరు చేయాలి? దానికి పైసలు ఏ పద్దులోంచి రావాలి? ఇంకొకడు ఇందులో పడకుండా చూసే పని ఎవరిది? ఎంతమంది పడ్డారో లెక్క ఎవరు తీయాలి? ఆ చట్టంలో ఈ పనులకు ఒక నిధి అంటూ లేదు. మన రాష్ట్ర చట్టంలోనూ లేదు. ఈరోజు నేను మాట్లాడేది ఆ లేని నిధి గురించి.

నిషేధం మనకు కొత్త కాదు. 2017 జూన్‌లోనే తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా జూదం కిందికి చేర్చింది. అప్పటిదాకా రమ్మీ కంపెనీలు సుప్రీంకోర్టు పాత తీర్పు ఒకటి చూపించి తప్పుకునేవి. ఆ తీర్పుకు మూలమైన కేసు కూడా మన దగ్గరిదే. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచేది, రమ్మీలో మాత్రం నైపుణ్యం పాలు ఎక్కువ అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని, పడిన ముక్క గుర్తు పెట్టుకుంటూ ఆడుకునే క్లబ్బు ఆట గురించి అన్న మాట అది. యాభై ఏళ్ల తర్వాత దాన్ని తెచ్చి, మొఖం తెలియని మనుషులతో తెల్లవార్లూ ఆగకుండా నడిచే ఫోన్ ఆటకు అన్వయించారు. 2017 సవరణ వచ్చింది దాన్ని ఆపడానికే. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది.

మరి ఆట ఆగిందా? 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పేరున్న సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్, ఒకప్పుడు మన వరంగల్‌లో ఎస్పీగా చేసినవారే, తన పని కాకపోయినా ఈ యాప్‌ల మీద రోజూ సోషల్ మీడియాలో గొంతెత్తారు. ఎనిమిదేళ్లుగా నిషేధం ఉన్న రాష్ట్రంలో ఇదీ పరిస్థితి. నిషేధం వద్దని నేననడం లేదు. నిషేధం సరఫరాను అడ్డుకుంటుంది. లోపల అంటుకున్న మంటను అది ఆర్పలేదు. దేశంలో రిజిస్టరైన కంపెనీ తన ఆట మూసేసిన రోజున, ఆడేవాడు టెలిగ్రామ్ గ్రూపులో విదేశీ యాప్ లింకు వెతుక్కుంటాడు. ఐడీ ఇచ్చే బుకీని వెతుక్కుంటాడు.

పందెం మన ఊరికి ఎరుక లేనిది కాదు. క్రీడాభిరామం చదివితే ఓరుగల్లు వీధుల్లో కోడిపందెం ఉంది, పొట్టేళ్ల పందెం ఉంది. మా చిన్నతనంలో మట్కా ఉండేది, పత్తాలాట ఉండేది. కాకపోతే దానికి ఒక జాగా ఉండేది, ఒక వేళ ఉండేది. నలుగురి కంట పడేది. ఫలానా ఆయన పత్తాలకాడ ఉన్నడని చెబితే ఇంటివాళ్లు పోయి లేపుకొచ్చేవారు. ఇప్పుడు పిల్లవాడు ఇంట్లోనే, మంచం మీదే, తల్లి పక్కనే పడుకుని ఆడుతున్నాడు. ఆమెకు తెలియదు.

నేను హనుమకొండలో కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆనవాళ్లు దొరకకుండా వివరాలు మార్చాను. పరకాల దిక్కు నుంచి తండ్రి, తల్లి, ఇరవై రెండేళ్ల కొడుకు వచ్చారు. తల్లి కూర్చుంటూనే అన్నది: "మేడం, మావోడు తాగడు. సిగరెట్ కూడా ముట్టడు. ఎవలతోని కొట్లాట లేదు. ఫోన్ పట్టుకుంటడంతే." తండ్రి మాట్లాడలేదు. చొక్కా జేబులోంచి బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎనుమాముల మార్కెట్లో అమ్మిన పత్తి పైసలు పడ్డ ఖాతా అది. ఫోన్ కొడుకు దగ్గరే ఉంటుంది, పిన్ను కూడా కొడుకే పెట్టాడు, ఎందుకంటే ఇంట్లో చదువుకున్నది వాడొక్కడే.

ఆ కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటూ పోతే జబ్బు మొత్తం కనిపిస్తుంది. మొదట 200 రూపాయలు. మరునాడు ఇంకో 200. తర్వాత ఖాతాలోకి 1,800 వచ్చాయి. గెలిచాడు. ఆ గెలుపే ఎర. అక్కణ్నుంచి 500, 1,000, 1,000, 2,000. వారం తిరిగేసరికి 5,000. సమయం చూస్తే రాత్రి ఒంటిగంటా నలభై, రెండుంపావు, మూడు. మధ్యలో ఎక్కడినుంచో 8,000 జమ. అది గెలుపు కాదు, లోన్ యాప్. జమ అయిన పది నిమిషాల్లో అదీ పోయింది. పత్తి పైసలు అయిపోయాక కూడా కాగితం ఆగలేదు. అప్పు జమ, ఖర్చు, అప్పు జమ, ఖర్చు.

"పోయినయని ఎరుకైనంక ఎందుకు ఆపలేదు బిడ్డా?" అని అడిగాను. "పోయినకాన్నే ఎతుక్కోవాలె గద మేడం" అన్నాడు. "ఒక్క మ్యాచ్ తగిలితే అన్ని కట్టేసి మళ్ల ముట్టకపోదును." అబద్ధం చెబుతున్నట్టు లేదు. అతను నిజంగా అలాగే నమ్ముతున్నాడు.

తండ్రి అప్పుడు తల ఎత్తాడు. బోరు మీద బోరు వేసిన మనిషి ఆయన. మొదటి బోరు ఎండితే రెండోది, రెండోదానికి చేసిన అప్పు తీరాలంటే మూడోదాంట్లో నీళ్లు పడాలి. ఆ లెక్క ఆయనకు ఒంట్లోకి దిగిన లెక్క. కొడుకు మాట ఆయనకు అర్థమైంది, నాకంటే ముందే అర్థమైంది. తేడా ఒక్కటే. నేల కింద నీళ్లు ఉన్నాయో లేవో నేలకు తెలియదు. యాప్ వెనకాల ఎవరు ఎంత ఓడాలో ముందే లెక్క కట్టి పెట్టారు.

ఇది బలహీనత కాదు, బుద్ధి గడ్డి తినడం కాదు, జబ్బు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వ్యాధుల పుస్తకంలో జూదాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల పక్కన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులోనూ జూదపు వ్యసనం వ్యసనాల వరుసలోనే ఉంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికి మెదడు మిగతా అన్నిటికంటే గట్టిగా అంటుకుంటుంది. ప్రతిసారీ గెలిస్తే విసుగొచ్చి మానేస్తారు. ప్రతిసారీ ఓడినా మానేస్తారు. అప్పుడప్పుడు గెలవడం, ఎక్కువసార్లు వెంట్రుకవాసిలో తప్పిపోయినట్టు అనిపించడం, ఈ రెండూ కలిస్తే వదలదు. ఆడకపోతే చిరాకు, నిద్ర పట్టదు, అన్నం సహించదు. తాగుడు మానినవాడికి ఉండే బాధలాంటిదే.

వైద్యం కూడా ఉంది. ఈ మాట నేను నొక్కి చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు సగం మంది అసలు దీనికి వైద్యం ఉంటుందని నమ్మరు. ఆలోచనల్లో పడ్డ ముడులను ఒక్కొక్కటి విప్పే మాటల వైద్యం ఉంది, వారానికోసారి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది. వెనక దిగులు జబ్బు ఉంటే దానికి మందులుంటాయి. పైసల పెత్తనం కొంతకాలం ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వడం ఉంటుంది. అప్పుల పట్టిక రాసి, ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు చట్టబద్ధమైన అప్పే కాదు అని తేల్చడం ఉంటుంది. ఈ ఆఖరిది చాలా ముఖ్యం. అప్పులవాడి ఫోన్ మోగినప్పుడల్లా ఇంకో ఆట ఆడి కట్టేద్దామనే ఆలోచనే వస్తుంది.

మరి ఈ వైద్యం కోసం పరకాల నుంచి వచ్చిన ఆ ఇల్లు ఎక్కడికి పోవాలి? వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మంచి డాక్టర్లు ఉన్నారు. కానీ ఎంజీఎం ఓపీ ఎలా ఉంటుందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఉమ్మడి జిల్లా అంతా అక్కడికే వస్తుంది. ఒక్కొక్కరితో ముప్పావు గంట కూర్చుని మాట్లాడే వైద్యాన్ని ఆ వరుసలో నిలబెట్టి చేయమంటే డాక్టరు మాత్రం ఏం చేస్తారు? ఈ జబ్బు తెలిసిన సైకాలజిస్టు, ఇంటిదాకా వెళ్లి వచ్చే సోషల్ వర్కర్ ప్రత్యేకంగా ఉండాలి. ఉండాలంటే పోస్టు ఉండాలి. పోస్టు ఉండాలంటే పద్దు ఉండాలి.

ఆ పద్దు కోసం వెతికితే ఎక్కడా దొరకదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద వ్యసన విముక్తి కేంద్రాలకు డబ్బు వస్తుంది. ఆ పథకం పేరే మాదకద్రవ్యాల గిరాకీ తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రణాళిక. 2020 ఆగస్టు 15న మొదలైన నశా ముక్త్ భారత్ కూడా మత్తు పదార్థాల కోసమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఎంత మంచి చట్టమైనా, మానసిక అనారోగ్యాన్ని నిర్వచించేటప్పుడు మద్యం, మాదకద్రవ్యాల పేర్లు చెప్పింది గానీ జూదం పేరు చెప్పలేదు. పరకాల తల్లి అన్న మాట మళ్లీ తలచుకోండి. మావోడు తాగడు. మన పథకాలన్నీ తాగేవాణ్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తాగనివాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

ఇక పైసల సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ పైసల ఆటల మీద, ఆటగాడు జమ చేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్‌టీ వేశారు. ఆ తర్వాత ఆరు నెలల్లో 6,909 కోట్ల రూపాయలు వచ్చాయనీ, అంతకుముందు వచ్చింది 1,349 కోట్లేననీ, రాబడి 412 శాతం పెరిగిందనీ 2024 సెప్టెంబరులో జీఎస్‌టీ మండలి సమావేశం తర్వాత కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. జీఎస్‌టీలో రాష్ట్రాలకూ వాటా ఉంటుంది. ఇప్పుడు ఇంకో అంకె పక్కన పెట్టండి. మానసిక ఆరోగ్యానికి దేశమంతటికీ ఉన్న ఉచిత ఫోన్ సేవ టెలి మానస్. దానికి 2025–26 కేంద్ర బడ్జెట్‌లో కేటాయించింది దాదాపు 80 కోట్లు. జూదం మీద ఆరు నెలల్లో వచ్చిన పన్నులో అది నూటికి ఒకటింబావు వంతు కూడా కాదు. అదీ జూదం కోసం కాదు, అన్ని రకాల మనోవ్యాధులకూ కలిపి.

ఆ 6,909 కోట్లు ఎవరి జేబులోవి? పరకాల కాగితం మీది 200లూ 500లూ అలాంటివే. పోగొట్టుకున్నవాడి డబ్బులోంచి ఖజానా తన వంతు తీసుకుంది. తీసుకున్నదాంట్లోంచి ఒక్క రూపాయి అతని వైద్యం పేరు మీద రాయలేదు. నాకు ఇది అన్యాయమనిపిస్తుంది, సూటిగానే చెబుతున్నాను.

వేరే దేశాలు ఏం చేశాయో చూద్దాం. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి జూదం కంపెనీలు తమకు తోచినంత చందా ఇచ్చేవి, దాంతోనే చికిత్సా, పరిశోధనా నడిచేవి. కంపెనీ ఇచ్చిన డబ్బుతో కంపెనీ చేసే హాని మీద నిష్పాక్షికమైన పరిశోధన ఎలా జరుగుతుందని అక్కడి వైద్యులు గట్టిగా అడిగారు. 2025 ఏప్రిల్ నుంచి చందా పోయి, చట్టం వేసిన లెవీ వచ్చింది. లైసెన్సున్న ప్రతి సంస్థా తన రకాన్ని బట్టి రాబడిలో 0.1 నుంచి 1.1 శాతం దాకా కట్టాలి. ఆన్‌లైన్ సంస్థలకు ఎక్కువ రేటు. ఏడాదికి 10 కోట్ల పౌండ్ల దాకా వస్తుందని అంచనా. అందులో సగం చికిత్సకు, 30 శాతం నివారణకు, 20 శాతం పరిశోధనకు. న్యూజిలాండ్ 2003 చట్టంలోనే ఇలాంటి లెవీ పెట్టుకుంది. అమెరికాలో 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆటల బెట్టింగు ఒక్కొక్క రాష్ట్రంలో తెరుచుకుంది. అక్కడ కేంద్ర ప్రభుత్వం బెట్టింగు మీద పన్ను తీసుకుంటుంది కానీ ఈ వ్యసనానికి విడిగా నిధి ఇవ్వదు. ఆ పన్నులో సగం చికిత్సకూ, పరిశోధనకూ ఇవ్వాలని 2024లో ఒక బిల్లు పెట్టారు.

మన సంగతి వేరు. మనం ఆటనే నిషేధించాం. లెవీ వేద్దామంటే లైసెన్సున్న కంపెనీ లేదు. నిధి కావాలని అడిగితే అధికారులు మొదట చెప్పే అడ్డంకి ఇదే. జవాబు మన చట్టాల్లోనే ఉంది, అదీ పాతదే. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టానికి 1989లో 7ఏ అనే సెక్షను చేర్చారు. దాని కింద మాదకద్రవ్యాల దురలవాటు నియంత్రణకు ఒక జాతీయ నిధి పెట్టారు. ఆ కేసుల్లో జప్తు చేసిన ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు ఆ నిధిలో పడుతుంది. ఆ డబ్బును అక్రమ రవాణా ఆపడానికీ, అలవాటు పడ్డవాళ్ల వైద్యానికీ, ప్రజల్లో అవగాహనకూ వాడవచ్చు. గంజాయి అమ్మినవాడి ఆస్తి గంజాయి తాగినవాడి వైద్యానికి ఖర్చు పెట్టడానికి మన దేశం ఎప్పుడో ఒప్పుకుంది. మరి బెట్టింగు కేసుల్లో పట్టుబడిన డబ్బు, స్తంభింపజేసిన ఖాతాలు, కోటి, 50 లక్షల చొప్పున పడే జరిమానాలు ఎందుకు అలా పోకూడదు? గనుల మీద వచ్చే రాయల్టీతో పాటు ఇంకొంత వసూలు చేసి, తవ్వకాల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు పెట్టే జిల్లా ఖనిజ నిధులు 2015 నుంచి ఉన్నాయి. మన పక్కనే భూపాలపల్లిలో బొగ్గు గనుల వాళ్లకు ఆ మాట బాగా తెలుసు. దెబ్బ తిన్న చోటికే డబ్బు తిరిగి వెళ్లాలన్న సూత్రం మనకు కొత్తది కాదు.

ఇంకో రెండు దారులున్నాయి. హైదరాబాద్ మలక్‌పేటలో గుర్రప్పందేలు చట్టబద్ధంగానే నడుస్తున్నాయి. పందేల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 40 శాతమైంది. ఆ రాబడిలో రాష్ట్ర వాటాలోంచి ఒక చిన్న భాగం పక్కన పెట్టవచ్చు. ఇక ఆన్‌లైన్ ఆటల కంపెనీలకు పాత బకాయిల కింద జీఎస్‌టీ అధికారులు ఇచ్చిన నోటీసుల మొత్తం 1,12,000 కోట్ల పైచిలుకు అని 2023 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పారు. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాంట్లోంచి ఎప్పటికైనా ఏదైనా చేతికొస్తే, అందులో కొంత ఈ పేరు మీద రాయమని ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

రాజ్యాంగం ప్రకారం కూడా ఇది మన రాష్ట్రం చేయగల పనే. రాష్ట్రాల జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, 34వ అంశం పందేలూ జూదమూ. రెండూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఢిల్లీ దిక్కు చూస్తూ కూర్చోవాల్సిన అవసరం లేదు.

పరిశోధన అనగానే చాలామంది, ముందు రోగికి మందివ్వండి, చదువులు తర్వాత అంటారు. నేనూ రోగి పక్షమే. కానీ లెక్క లేకపోతే మందు రాదు. 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో మత్తు పదార్థాల మీద దేశవ్యాప్తంగా సర్వే వచ్చింది, 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని తేలింది, దాన్ని చూపించి పథకాలు రాసుకున్నారు. జూదం మీద అలాంటిది లేదు. కేరళలో ఎర్నాకుళం కాలేజీ విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. దాదాపు అయిదుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పందెం ఆడినవారే. వందకు ఏడుగురిలో అది సమస్య స్థాయికి చేరింది. అది కూడా ఈ ఫోన్ ఆటల ఉప్పెనకు ముందు, లాటరీలు ఎక్కువగా ఉన్న చోట. కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లలో, నిట్‌లో, హనుమకొండ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న రూముల్లో ఇవాళ పరిస్థితి ఎలా ఉందో ఎవరైనా వెళ్లి అడగాలి.

అడగడానికి వరంగల్ కంటే తగిన చోటు రాష్ట్రంలో లేదని నా నమ్మకం. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. రాష్ట్రంలోని వైద్య కళాశాలలు దాని కిందికే వస్తాయి. 1959లో పుట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ ఇక్కడే. మానసిక వైద్యంలో ఎండీ చదివే ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాసి తీరాలి. ఏటా అందులో కొన్నిటిని ఈ అంశం మీద చేయించి, తిరుగుడు ఖర్చులూ, లెక్కల సాయమూ ఇస్తే చాలు, మూడేళ్లలో తెలంగాణకు తనదైన లెక్క ఉంటుంది. దీనికి పెద్ద నిధి కూడా అక్కర్లేదు. సంకల్పం కావాలి, ఒక ఉత్తర్వు కావాలి.

జబ్బును పసిగట్టడానికీ పెద్ద పరికరాలు అక్కర్లేదు. 1990ల నుంచి డాక్టర్లు వాడుతున్న ఒక పద్ధతిలో ఉన్నవి రెండే ప్రశ్నలు. ఎంత పెట్టి ఆడావో ఇంట్లోవాళ్ల దగ్గర ఎప్పుడైనా అబద్ధం చెప్పావా? పందెం సొమ్ము పెంచుకుంటూ పోవాలని అనిపించిందా? ఏ ఒక్కదానికి అవునన్నా, ఆ మనిషితో ఇంకాస్త వివరంగా మాట్లాడాలి. ఆశా కార్యకర్త అడగగలదు, కాలేజీ లెక్చరర్ అడగగలడు, తాగుడు మానడానికి వచ్చినవాణ్ని వ్యసన విముక్తి కేంద్రంలో అడగవచ్చు, నిద్ర పట్టట్లేదని వచ్చిన పిల్లవాణ్ని పీహెచ్‌సీ డాక్టరు అడగవచ్చు. నివారణ అంటే నా దృష్టిలో ముందు ఇది. గోడ మీద పోస్టరూ, సెల్ఫీ స్టాండూ తర్వాత. ఐపీఎల్ మొదలయ్యే మార్చిలో, పత్తి పైసలు ఖాతాల్లో పడే నవంబరు, డిసెంబరులో, ఈ రెండు కాలాల్లోనైనా ఊరూరా ఈ రెండు ప్రశ్నలు వినిపించాలి.

చికిత్స కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి సాంకేతిక వ్యసనాల క్లినిక్ నడుస్తోంది. మంచి పని చేస్తున్నారు. కానీ పత్తి పైసలన్నీ పోయిన ఇంటిని రాత్రంతా రైలెక్కి అక్కడికి వెళ్లమని ఏ మొఖంతో చెప్పను? మన వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అన్ని అంతస్తులున్నప్పుడు ఈ జబ్బుకు రెండు గదులు ఇవ్వలేరా? ఒక గదిలో మాట్లాడే సైకాలజిస్టు, ఇంకో గదిలో అప్పుల పట్టిక సరిచేసే మనిషి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పేదలకు ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆ లాయరు వారానికి ఒక పూట ఆ రెండో గదిలో కూర్చుంటే, లోన్ యాప్ వాడి బెదిరింపులకు భయపడి చేసే సగం తప్పులు ఆగిపోతాయి.

పరకాల అబ్బాయి సంగతి అడుగుతారు మీరు. ఇంకా వస్తున్నాడు. మధ్యలో ఒకసారి మళ్లీ ఆడాడు, వచ్చి తనే చెప్పాడు. ఫోన్ పిన్ను ఇప్పుడు తల్లి పెట్టుకుంది. అంకెలు రావు కాబట్టి తన చెల్లెలి దగ్గర నేర్చుకుని మరీ పెట్టుకుంది. లోన్ యాప్ వాళ్లు బంధువులకు ఫోన్లు చేస్తే సైబర్ నేరాల ఫోన్ నంబరు 1930కి ఫిర్యాదు ఇచ్చారు. బాగవుతాడని నా నమ్మకం. అయితే అతనికి నా చిరునామా చెప్పింది వాళ్ల ఊరి ఆర్‌ఎంపీ. ఆ ఆర్‌ఎంపీకి నా సంగతి తెలియకపోతే ఆ ఇల్లు ఎక్కడుండేదో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు. ఒక జిల్లా ఆరోగ్యం అలాంటి అదృష్టం మీద నడవకూడదు.

వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఈ కష్టం ఉంటే, ముఖ్యంగా పిల్లవాడు చచ్చిపోతానని అంటుంటే, ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కేసు అవుతుందేమోనని భయపడకండి, వైద్యం అడిగినందుకు ఎవరి మీదా కేసు పెట్టరు. మాట్లాడేటప్పుడు మాత్రం మనసు బాగోలేదని చెప్పి ఊరుకోకండి, పైసల ఆట అలవాటైంది, మానలేకపోతున్నాడు అని పేరు పెట్టి చెప్పండి. ఎంజీఎంకు వెళ్లినా ఓపీ చీటీ మీద ఆ మాటే రాయమని డాక్టరును అడగండి. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు మన ఎమ్మెల్యేలను కలిసి ఈ పద్దు అడగాలంటే, వరంగల్‌లో ఇంతమంది వచ్చారని చూపించడానికి ఆ చీటీలే కావాలి.